సింధూరవృక్షమా, మాచికాయా?

గత ఆదివారము ఆబిడ్సులో, మూసియున్న దుకాణముల ముంగిట కాలిబాటపై పరచిన పాతపుస్తకముల నడుమ, అట్టలూడిన యొక అనువాదనవల నా చేతికి చిక్కెను. బేరమాడి 30 రూపాయలకు కొంటిని గాని, నాంపల్లి స్టేషను చేరువ ఇరానీ హోటలులో చాయ్ చల్లారకమునుపే నాకు కోపము వచ్చినది. కథానాయకుడు ఇంగ్లండులో నొక ‘సింధూరవృక్షము’ క్రింద కూర్చుండి నిట్టూర్చుచున్నాడు! తెలుగు బైబిలులో అబ్రాహాము మమ్రేయొద్ద నివసించినదియు సింధూరవనముననే. అది ఏ చెట్టో యెరుగని చదువరి కుంకుమరాలు చెట్టును ఊహించుకొనక యేమి చేయును? ఓకును ఓకనియే వ్రాయుడని, కన్నెరుగని చెట్టుకు పేరు పెట్టరాదని ఈ శీర్షికలో ఎన్నిమారులు మొత్తుకొంటినో నా పాఠకులకు తెలియును.

సుమారు 500 జాతులు గల ఆ వృక్షప్రజాతిలో ఒక్కటియు మన దక్కను అడవులలో సహజముగా మొలవదు. అరకులో కాఫీతోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓకు పేరుకే ఓకు, పుట్టుక ఆస్ట్రేలియా. మణిపురములో దసలిపట్టు పురుగు ఓకు ఆకు మేయును; మన మహాదేవపూరు పురుగునకు మద్ది ఆకే విందు. తెల్ల ఓకు కలపలోని రంధ్రములు తమంత తామే పూడిపోవును గనుక మద్యపు పీపాలకు అది శ్రేష్ఠము. ఎర్ర ఓకు రంధ్రములు తెరచియుండును గనుక బల్లలకు, కుర్చీలకు సరి. ఇవన్నియు మనకేలయని తలచితిని గాని, ఫతేమైదానములో నేను చూచిన ప్రతి క్రికెట్ బంతి గర్భమునను ఉన్న బెండు, పోర్చుగలువంటి దేశములలో 9 ఏండ్లకొకమారు ఒలుచు ఓకు బెరడేయని జ్ఞప్తికి వచ్చి కొంచెము తగ్గితిని.

మరునాడు మనుమరాలి ఉగ్గుసామానుకై బేగంబజారు పోవలసివచ్చెను. మా నాయనమ్మ చెక్కపెట్టెలో వస, కరక్కాయ, మాచికాయ ఒక గుడ్డమూటలో ఉండెడివి. సానమీద నీటిచుక్క వేసి, ఒక్కొక్కదానిని మూడేసి చుట్లు, లెక్క తప్పకుండ, పెదవులు కదుపుచు అరగదీసెడిది. మాచికాయ వంతు వచ్చినప్పుడు సానపై తేలు లేతగోధుమరంగు గంధమును నేను దొంగతనముగా నాకి, నాలుక పిడచకట్టుకొనిపోయి, పూటంతయు మాట పెగలక తిరిగితిని.

“మాజూఫలా సాబ్? చిల్లు లేనిది ఏరుకోండి, చిల్లు పడితే పస పోయినట్టే,” అని దుకాణదారు గుప్పెడు నా ముందు పోసెను. గోళీలంత, గరుకుబొడిపెలతో, సీసమువలె బరువు. అది కాయ కానేకాదు: తుర్కీ, ఇరాను దేశముల ఓకు మొగ్గలో ఒక చిన్న కందిరీగ గ్రుడ్డు పెట్టగా, చెట్టు దానిచుట్టు కట్టిన గూడు. పురుగు తొలుచుకొని వెళ్లిన గుర్తే ఆ చిల్లు. వెళ్లకముందు కోసినదానిలో వగరు, బరువులో సగమో అంతకు మించియో యుండును; దానికి అన్నభేది తోడైన నల్లసిరా. ఐరోపా వేయేండ్లకు పైగా ఆ సిరాతోనే వ్రాసికొన్నది.

రెండు దంచి, రాత్రి నానబెట్టి, అన్నభేది కలిపి, బట్టలో వడియగట్టితిని. ఉక్కుపాళీ ముంచి ఈ వారపు శీర్షికకు మొదటివాక్యము వ్రాసితిని: కన్నెరుగని చెట్టుకు పేరు పెట్టరాదు. అక్షరములు బూడిదరంగున, చదువవీలుగాక యుండెను. తెల్లవారి చూతును గదా, కాటుకవలె నల్లబడి కాగితములోనికి దిగియున్నవి. నాయనమ్మ ఏ ఓకును చూచినది? మాచికాయయని మాత్రము తడుముకొనకుండ పిలిచినది. అదే సిరాతో ఆ వాక్యమును అడ్డముగా కొట్టివేసితిని.