మెడకి నంబరు, ఛాతీకి తాడు

పమేరియన్‌ని పెంచే చాలా ఇళ్లకి ఒక దగ్గు బాగా తెలుసు. బాతు అరిచినట్టు పొడిగా, తెరలు తెరలుగా వస్తుంది. గొంతులో ఎముకముక్క ఇరుక్కుందేమోనని నోరు తెరిచి వేలు పెట్టి వెతుకుతారు. ఏమీ దొరకదు. చాలాసార్లు ఆ తంటా శ్వాసనాళానిది. ఆ గొట్టం మూసుకుపోకుండా పట్టి ఉంచేవి మృదులాస్థి వలయాలు. పమేరియన్, యార్క్‌షైర్ టెరియర్, చివావా, టాయ్ పూడుల్ లాంటి బుల్లి జాతుల్లో ఈ వలయాలు మెత్తబడి గొట్టం చదునవడం పశువైద్యులు తరచూ చూసే జబ్బే. మెడకి కట్టే బెల్టే దాన్ని తెచ్చిపెడుతుందని అనలేం గానీ, ఉన్న దగ్గుని మాత్రం బెల్టు లాగుడు రేపుతుంది.

పరిమాణాల్లో తేడా ఒకసారి ఊహించండి. కుక్క బరువు మూడు కిలోలు. తాడు రెండో కొసన డెబ్బై కిలోల మనిషి, ఒక చేతిలో ఫోను. అవతల వీధికుక్క కనిపించగానే ఆయన చెయ్యి అదాటున వెనక్కి గుంజుతుంది. ఆ గుంజుడంతా వేలెడు వెడల్పున్న పట్టీ మీద, దాని కింద మెత్తటి గొంతు మీద పడుతుంది.

కంటికీ ఇబ్బందే. కాలర్ వేసుకుని తాడుని లాగిన కుక్కల్లో కంటి లోపలి ఒత్తిడి పెరిగిందనీ, ఛాతీకి తొడిగే హార్నెస్‌తో అలా పెరగలేదనీ 2006లో అమెరికాలో పరీక్షించి చెప్పారు. కళ్లు బయటికి పొడుచుకొచ్చినట్టుండే పగ్, షిహ్ ట్జూ పెంచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. 2020లో నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీవాళ్లు కృత్రిమ మెడకి రకరకాల కాలర్లు తొడిగి లాగి చూశారు. లాగినప్పుడు మెడకి దెబ్బ తగలదని చెప్పదగ్గది వాటిలో ఒక్కటీ లేదని తేల్చారు. అందుకే షాపులో ‘లోపల స్పాంజి ఉంది సార్’ అంటే నేను పెద్దగా కరగను.

కట్టడానికీ లాగడానికీ ఉన్న తేడా మన రైతుకి ఎప్పుడో తెలుసు. ఎద్దుని గాటికి కట్టెయ్యాలంటే మెడకి పలుపు వేస్తాడు. బండి లాగించాలంటే కాడిని మూపు మీద పెడతాడు గానీ, పలుపుతో లాగించడు.

అయితే కుక్కకి హార్నెస్, అంటే బాడీ బెల్టు, కొన్నంత మాత్రాన పనైపోదు. మన పెట్ షాపుల్లో దాన్ని ఎస్, ఎమ్ అంటూ అక్షరాలు చూసి ఇచ్చేస్తారు. దర్జీ టేపు తీసుకుని ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టూ కొలవాలి. వేశాక పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, చంకల్లో ఒరుసుకోకూడదు. షిహ్ ట్జూకి జుట్టు కత్తిరించాక అదే బెల్టు వదులైపోతుంది. భయపడ్డ కుక్క వెనక్కి వెనక్కి నడిచి అందులోంచి సులువుగా జారిపోతుంది కూడా. అడ్డంగా ఒకే పట్టీ ఉన్న రకాన్ని నేను కొనను, మెడ దగ్గర చీలి ఛాతీ మధ్యకి దిగే రకమే నచ్చుతుంది. మొదటిది భుజాల కదలికని అడ్డుకుంటుందని అందరూ అంటారు. కొద్ది కుక్కలతో చేసిన ఒక పరీక్షలో రెండు రకాలూ కొంత అడ్డుకున్నాయి, పైగా రెండోదే కాస్త ఎక్కువగా. కాబట్టి నా ఇష్టాన్ని శాస్త్రంగా తీసుకోవద్దు. కుక్క ఎలా నడుస్తుందో చూసి కొనండి.

మన ఎండలకి దళసరి జాకెట్టు రకం పనికిరాదు, సన్న జాలీది చాలు. ఇంటికి రాగానే విప్పెయ్యాలి. లేకపోతే చంకల్లో బొచ్చు ఉండలు కడుతుంది. హార్నెస్ వేస్తే లాగడం మానేస్తుందనుకుంటే అది భ్రమ, హాయిగా ఉంటుంది కనుక ఇంకా లాగొచ్చు. ఛాతీ ముందు రింగు ఉన్నదైతే కొంత నయం. మిగతాది నేర్పుకోవాల్సిందే. వీపు మీద పిడి ఉన్నవీ దొరుకుతాయి. వీధికుక్కలు మూగినప్పుడు చప్పున పైకెత్తడానికి ఆ పిడి అక్కరకొస్తుంది.

ఇంతా చెప్పి కాలర్‌ని పారెయ్యమనను. తేలికైనది ఒకటి మెడకి ఉండనివ్వండి, తాడు మాత్రం దానికి తగిలించకండి. దీపావళి టపాసులకి బెదిరి గేటు దాటిపోయిన కుక్క ఎవరిదో తెలియాలంటే మెడలో బిళ్ల ఉండాలి. దాని మీద ‘స్నూపీ’ అనో ‘బన్నీ’ అనో ముద్దుగా చెక్కిస్తారు. చెక్కించాల్సింది ఫోన్ నంబరు. పేరు తెలిస్తే పిలిచి ఎత్తుకుపోయేవాడికే సులువు.