కంటి అంచనా, సంచి లెక్క

కాన్పు గదిలో బిడ్డ ఏడుపు వినగానే అందరి చూపూ అటు తిరుగుతుంది. నా చూపు మాత్రం తల్లి నడుం కిందికి పోతుంది. మాయ పడ్డాక వచ్చే గంటంత భయం నాకు ప్రసూతి వైద్యంలో మరెక్కడా వేయదు. నిండు నెలల్లో గర్భసంచికి నిమిషానికి 500 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం వస్తుంటుంది. మాయ ఊడినచోట నోళ్లు తెరుచుకున్న నాళాలను బిగించి మూసేది గర్భసంచి కండరమే. అది రాయిలా గట్టిపడితే సరి. మెత్తగా ఉండిపోతే మనిషి చూస్తుండగానే చేయి దాటిపోతుంది.

ఎంత రక్తం పోయిందో ఇన్నాళ్లూ కంటితో చూసే చెబుతూ వచ్చాం. తడిసిన మాప్‌లు, బకెట్లో పడ్డ గడ్డలు, బల్ల కింద నేల ఒకసారి చూసి కేస్‌షీట్‌లో ఒక అంకె వేస్తాం. బయట కూర్చున్న పెద్దావిడ “బాలింతకి చెడురక్తం పోవాలి లేమ్మా” అంటుంది. ఆ మాట లోపల పనిచేసేవాళ్ల ధైర్యాన్ని కూడా ఎంతోకొంత పెంచుతుంది.

ఆ అంచనా ఎంత తప్పుతుందో లెక్కకట్టిన పని మన పక్కనే, బెళగావిలో జరిగింది. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ మెడికల్ కాలేజీ వైద్యులు అమెరికా పరిశోధకులతో కలిసి, కిందికి సన్నబడుతూ మిల్లీలీటర్ల గీతలున్న ప్లాస్టిక్ సంచిని కాన్పులో వాడి చూశారు. బిడ్డ పుట్టి ఉమ్మనీరు పోయాక దాన్ని నడుం కింద పరిస్తే, పోయే రక్తం అందులోకి దిగుతుంది. 2006లో వచ్చిన ఫలితం ప్రకారం కంటి అంచనా సంచి లెక్క కంటే 33 శాతం తక్కువ. రక్తం ఎక్కువ పోయేకొద్దీ కన్ను ఇంకా తక్కువ చెబుతుంది, అంటే ప్రమాదం పెరిగేకొద్దీ మన తప్పూ పెరుగుతుంది.

ఈ గీతల సంచికి అసలు బలం 2023లో తెలిసింది. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షల పైచిలుకు కాన్పులతో ఇ-మోటివ్ అనే ట్రయల్ జరిగింది. సగం ఆసుపత్రులు ఎప్పటి పద్ధతే పాటించాయి. మిగతావాటిలో గీతల సంచి పరిచారు. రక్తం 500 దాటినా, 300 దాటి మనిషి పరిస్థితి తేడాగా కనిపించినా వెంటనే అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. గర్భసంచిని మర్దన చేయడం, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, చిరుగులేమైనా ఉన్నాయేమోనని పరీక్ష, ఆగకపోతే పైవాళ్లకి కబురు. లీటరు దాటిన రక్తస్రావం, దానికోసం పొట్ట కోయాల్సి రావడం, దానివల్ల మరణం, ఈ మూడింటిలో ఏదో ఒకటి జరిగినవారు పాత పద్ధతిలో 4.3 శాతం, కొత్త పద్ధతిలో 1.6 శాతం.

వీటిలో కొత్త మందు ఒక్కటీ లేదు. ట్రానెక్సామిక్ యాసిడ్‌ను జపాన్‌లో ఒకామోటో దంపతులు 1962 నాటికే కనుక్కున్నారు. కాన్పయిన మూడు గంటల్లోపు ఇస్తే ప్రాణాలు నిలుపుతుందని 2017లోనే తేలింది. ఇన్ని తెలిసి కూడా మేం ఒకటి చేసి, ఆగి, చూసి, మరొకటి చేసేవాళ్లం. పాత పద్ధతి ఆసుపత్రుల్లో రక్తస్రావాన్ని గుర్తించింది దాదాపు సగం మందిలోనే. గుర్తించనిదానికి వైద్యం ఎలా మొదలవుతుంది?

నన్ను అన్నిటికంటే కదిలించింది మాత్రం నర్సు చేతికి ఆ గీత ఇచ్చిన అధికారం. రాత్రి రెండు గంటలకు ఒక సిస్టర్ ఫోన్ చేసి, “మేడమ్, బ్లీడింగ్ కొంచెం ఎక్కువున్నట్టుంది, ఒకసారి చూస్తారా” అని నసుగుతుంది. అనుభవం చాలనిదని అనుకుంటారేమోనని ఆమె జంకు. అదే సిస్టర్ ముందు గీతల సంచి ఉంటే, “మేడమ్, 500 దాటింది. ఆక్సిటోసిన్, ట్రానెక్సా మొదలుపెట్టాను, రండి” అనగలదు. డాక్టర్ మెట్లు దిగి వచ్చేలోపు జరగాల్సినవి జరుగుతుంటాయి. రక్తం పోతున్న మనిషికి ఆ పది నిమిషాలే ఆయుష్షు.

మనకు ఇది మరీ అవసరం. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లేనని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. హిమోగ్లోబిన్ ఏడున్న పిల్లకి 500 మిల్లీలీటర్లు చిన్న నష్టం కాదు. నాడి, బీపీ తేడాగా ఉంటే 300 దగ్గరే కదలాలని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. కాన్పులు జరిగే ప్రతి పీహెచ్‌సీకీ చేతి గ్లవుజుల్లా ఈ సంచులు కూడా ఇండెంట్‌లో రావాలని నేను అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

అవి వచ్చేలోగా లేబర్ రూమ్ సిస్టర్లకు ఒక మాట. పొడి మాప్ బరువు ముందే చూసి గోడ మీద రాసి పెట్టుకోండి. తడిసిన మాప్‌లన్నీ ఒక కవర్లో వేసి తూచి, అన్ని పొడి మాప్‌ల బరువూ తీసేయండి. మిగిలిన ప్రతి గ్రామునూ ఒక మిల్లీలీటరు రక్తంగా లెక్కపెట్టి, ఆ అంకెనే కేస్‌షీట్‌లో రాయండి.