నీళ్లు ఎక్కడ ఆగాయి?

పుంగనూరులో మా మేనమామకు ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షాపు ఉండేది. ఎండాకాలం సెలవులిస్తే మదనపల్లెలో బస్సెక్కి నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. ఏప్రిల్, మే నెలల్లో ఆయన్ను వెతుక్కుంటూ వచ్చే రైతులది దాదాపు ఒకే మాట: "ఇంజను కాగిపోతా ఉండాదన్నా, ఒకసారి వచ్చి చూడల్ల."

బావి దగ్గరికి పోయాక మామ స్పానర్ల సంచి సైకిలు మీదనుంచి దించేవాడు కాదు. ముందు ఇంజను తిప్పించి, నీళ్ల వెంబడి నడిచేవాడు. లారీకి ఉన్నట్టు ఆ ఇంజన్లకు రేడియేటరు ఉండేది కాదు. పంపు తోడిన నీళ్లలోనే కొన్ని ఒక సన్నటి పైపు గుండా ఇంజను జాకెట్లోకి పోయి, సిలిండరు వేడిని తీసుకుని, ఇంకో పైపు నుంచి కాలవలో పడేవి. నీళ్లు పోయే పైపును ఒక చేత్తో, వచ్చే పైపును ఇంకో చేత్తో పట్టుకుని ఆయన కాసేపు మాట్లాడకుండా నిలబడేవాడు. థర్మామీటరు లేదు. చెయ్యి ఆగితే 50 డిగ్రీల లోపు, చటుక్కున తీయాల్సి వస్తే 60 దాటినట్టు.

కుప్పం దగ్గర ఒక బావి నాకు బాగా గుర్తుంది. రింగులు పోయాయి, ఇంజనంతా ఇప్పాలని ఎవరో చెబితే ఆ రైతు అప్పటికే అప్పు తెచ్చి పెట్టుకున్నాడు.

"ఎంతసేపటికి కాగుతాదప్పా? తిప్పినంకనేనా?" అని అడిగాడు మామ.

"లేదన్నా, గంటసేపు బాగనే ఆడతాది."

"అట్లయితే నీళ్లు పోతానే ఉండాయి. చాలినన్ని పోలేదు."

సగం పని అక్కడే అయిపోయింది. తిప్పిన ఐదు నిమిషాలకే కాగితే నీళ్లు లోపలికి పోవడమే లేదని అనుమానించాలి. గంటకు కాగితే దారి ఇరుకైందని. వచ్చే పైపులో ధార సన్నగా, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఎల్బో విప్పితే లోపల తెల్లటి సున్నం రాయిలా గట్టిపడి, పెన్సిలు దూరేంత సందే మిగిలింది. స్నానానికి నీళ్లు కాచే అండాలో అడుగున తెల్లగా పేరుకునేదీ ఇదే. అండాలో అయితే కంటికి కనిపిస్తుంది, గీకేస్తాం. జాకెట్లో ఎవరూ చూడరు. అది దారిని ఇరుకు చేయడమే కాదు, ఇనుములోని వేడిని నీళ్లకు అందనివ్వదు కూడా. ఆ రైతు తెచ్చుకున్న అప్పు ఆ సాయంత్రమే తిరిగిచ్చేశాడు.

ఎండాకాలంలోనే ఎందుకీ బాధ? గాలి వేడి ఒక్కటే కాదు. పంపు నీటిని పైకి లాగేది గాలి ఒత్తిడి బలంతోనే. సముద్ర తీరంలో ఆ బలం 10.3 మీటర్ల వరకే లేపగలదు. 700 మీటర్ల ఎత్తున్న మన మదనపల్లెలో లెక్కకు తొమ్మిదిన్నర, నిజానికి ఏడు దాటగానే పంపు తడబడుతుంది. మే నెలలో బావి అడుగంటితే మడికే కాదు, ఇంజనుకూ నీళ్లు తగ్గుతాయి.

ఒక ఏడు మామ ఊళ్లో లేనప్పుడు మా బావి ఇంజను కాగింది. భయపడి బకెట్టు నీళ్లు తెచ్చి హెడ్డు మీద కుమ్మరించాను. టప్పుమంది. హెడ్డు పగిలింది. తిరిగొచ్చాక మామ నన్ను తిట్టలేదు. "ఆపేసి చెట్టు కింద కూర్చోవల్ల నాయనా, దానంతట అది చల్లారనీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను నొప్పిస్తుంది.

చాలా ఏళ్లకు విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో కాగిపోయిన మరపడవ ఇంజనును చూసే అవకాశం దొరికింది. మెకానిక్కు ఇంజను దగ్గరికి పోలేదు. పడవ అంచు మీదుగా వంగి, పక్కనుంచి బయట పడుతున్న ధారను చూశాడు. నాకు మామే కనిపించాడు. ఆ పడవలో ఇంజను లోపల మంచినీళ్లు తిరుగుతాయి, ఆ మంచినీళ్లను సముద్రపు నీళ్లు బయటనుంచి చల్లబరుస్తాయి. ఉప్పునీళ్లనే నేరుగా లోపలికి పంపితే 60 డిగ్రీల ప్రాంతంలో లవణాలు గట్టిపడి అంటుకుంటాయి. మా బావుల సున్నానికి సముద్రపు అన్న లాంటిది అది. అడుగున వాల్వు కట్టేసి జల్లెడ విప్పితే ప్లాస్టిక్ కవరు. అంతటితో ఆగలేదతను. పంపు మూత తీసి, రబ్బరు చక్రానికి రెక్కలు లెక్కపెట్టాడు. ఒకటి తక్కువైంది. ఆ ముక్క దొరికేదాకా మూత బిగించలేదు. వదిలేస్తే అది ముందున్న గొట్టాల్లో ఇరుక్కుని మళ్లీ నీటిని ఆపుతుంది. చుట్టూ సముద్రం ఉన్నా ఇంజనుకు అందేది ఆ గొట్టంలోంచి వచ్చినన్నే.

మా వైపు బావి ఇంజన్లు పోయాయి. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి, లోపల సబ్‌మెర్సిబుల్ మోటార్లు. వాటినీ చల్లబరిచేది ఒంటిని రాసుకుంటూ పోయే నీళ్లే. బోరులో ఊట తగ్గితే మోటారు కాలుతుంది. కాలిన మోటారుకు కొత్త వైండింగు కట్టిస్తున్నాం, ఎందుకు కాలిందని మాత్రం అడగడం లేదు. ఒకే వేసవిలో ఒకే బోరు మోటారు రెండుసార్లు కాలిన ఇళ్లు నాకు తెలుసు. వైండింగు కట్టినవాడి పనిలో లోపం లేదు. నీళ్ల సంగతి ఎవరూ చూడలేదు, అంతే.

రైతన్నలకు ఒక్కటే విన్నపం. మోటారు బాగున్న రోజుల్లోనే 200 లీటర్ల డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి, షెడ్డు గోడ మీద తేదీతో సహా బొగ్గుతోనైనా రాసిపెట్టండి. నెలకోసారి మళ్లీ చూడండి. సెకన్లు పెరుగుతుంటే మోటారు కాలకముందే స్విచ్చి ఆపి, మెకానిక్కును పిలవండి.