మల్లీశ్వరిలో వగరు

రెడ్ వైన్‌కి తోడుగా ఒక పాత తెలుగు సినిమా చెప్పమంటే చాలామంది తడుముకోకుండా ‘దేవదాసు’ (1953) అంటారు. సీసా ఉంది, విషాదం ఉంది, ఇంకేం కావాలి? నాకది కుదరని జోడీ. తాగేవాణ్ణి చూస్తూ మనమూ గ్లాసు పట్టుకుంటే అతనికి కంపెనీ ఇచ్చినట్టే ఉంటుంది. ఇక పార్వతి వైపు చూసేదెవరు?

జోడీకి పోలిక అక్కర్లేదు. ఆ సంగతి కడప జిల్లా వంటింటికి ఎప్పుడో తెలుసు. చప్పటి రాగిసంగటికి ఘాటైన నాటుకోడి పులుసు, లేదంటే చెనిక్కాయల ఊరుబిండి నంజుకుంటారు. ముద్దలో లేనిది పక్కనుంచి రావాలి.

అందుకే నా ఓటు ‘మల్లీశ్వరి’కి (1951). తీసిన బి.ఎన్. రెడ్డి పుట్టింది పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లిలో. మాటలూ పాటలూ దేవులపల్లి కృష్ణశాస్త్రివి, సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. ఈ పేర్లు వినగానే మనకి గుర్తొచ్చేది తీపి.

ప్రొద్దుటూరైనా జమ్మలమడుగైనా ‘వైన్స్’ అంటే బ్రాందీ షాపే. బోర్డు మీద ఒకటి, లోపల ఇంకోటి. ‘మల్లీశ్వరి’ కూడా అంతే. బోర్డు మీద బావామరదళ్ళ ప్రేమకథ, లోపల అధికారం కథ. వానకి తలదాచుకున్న చోట మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, పెద్దన ఈ జంటకి తారసపడతారు. మల్లికి పల్లకి పంపించమని నాగరాజు సరదాగా అంటాడు. పల్లకి నిజంగానే వస్తుంది. సిరికి ఆశపడిన తల్లికి అది అదృష్టం. మల్లికి మాత్రం కోట తలుపులు లోపలికే తెరుచుకుంటాయి. పేదవాడి వేళాకోళం రాజు చెవిన పడితే ఆజ్ఞ అయిపోతుంది. ఇందులో దుర్మార్గుడంటూ ఎవరూ లేరు. అదే భయం.

ఈ భయాన్ని పాటల తీపి కప్పేస్తుంది. ఎన్.టి.ఆర్., భానుమతి కనిపిస్తుంటే కప్పేయక ఏం చేస్తుంది? ఇక్కడే వైన్ పనికొస్తుంది. ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వచ్చే టానిన్లు నేరేడు పండులా నాలుకని పట్టేస్తాయి. ఆ వగరుతో చూస్తే చివర్లో రాయలు చూపే దయ కూడా అంత తేలిగ్గా గొంతు దిగదు. శిక్ష తప్పించాడు, సరే. ఆ పల్లకి ఎక్కడిది? సినిమా ఈ ప్రశ్న దాకా తీసుకొచ్చి, అడక్కుండానే శుభం వేసేస్తుంది. రాయలంటే మన సీమకున్న మమకారం వల్ల మనమూ అడగం. ఇంత గొప్ప సినిమాలో నాకు కనిపించే లోటు అదొక్కటే.

తియ్యటి వైన్ తేకండి, డ్రైగా ఉన్నదే తెచ్చుకోండి. నాసిక్‌దైనా, నంది హిల్స్‌దైనా పర్లేదు. దాదాపు మూడు గంటల సినిమాకి ఒక్క గ్లాసు చాలు. రెండో గ్లాసుకి మళ్ళీ పాటలే మిగుల్తాయి. తాగని వాళ్ళు గుప్పెడు నేరేడు పళ్ళు పక్కన పెట్టుకోండి. పల్లకి వచ్చే సీన్ దాకా దాచుకుంటే ఇంకా మంచిది.