‘ఉష్’ అనే పిల్లాడు

లండన్‌లోని వాలెస్ కలెక్షన్‌లో ఫ్రాగొనార్ 1767 ప్రాంతంలో వేసిన ‘ఉయ్యాల’ ఉంది. గులాబీ గౌను అమ్మాయి ఊగుతోంది. వెనక నీడలో ఓ పెద్దాయన తాళ్లు లాగుతున్నాడు. ముందు పొదలో ప్రియుడు నక్కి పైకి చూస్తున్నాడు. పెద్దాయన దగ్గరున్న బుల్లికుక్క మొరుగుతోంది. కుక్క విశ్వాసానికి గుర్తు. అమ్మాయి కాలి చెప్పేమో ఎగిరి రాతి మన్మథబాలుడి వైపు పోతోంది. వాడు పెదాల మీద వేలు పెట్టి ‘ఉష్’ అంటున్నాడు. ఊపేవాడు బిషప్ అయ్యుండాలని వేయించుకున్న దొర మొదట ముచ్చటపడ్డాడట. డోయెన్ అనే చిత్రకారుడు నావల్ల కాదని తప్పుకుంటే పని ఫ్రాగొనార్‌కు వచ్చింది.

ఆ బాలుడి భంగిమ ఫాల్కొనే అనే శిల్పిది. పదిహేనో లూయీ ప్రియురాలు మదామ్ ద పాంపదూర్ కోసం పాలరాతిలో చెక్కాడు. 1757 నాటి పని. ఒక చెయ్యి ‘చెప్పొద్దు’ అంటుంది, రెండోది చప్పుడు కాకుండా అంబులపొదిలోకి పోతుంది. రొకోకో అనే ఈ శైలి పటాల్లో రెక్కల పిల్లలు ఖాళీ నింపడానికి వచ్చినవాళ్లు కారు. మనుషులు నలుగురిలో అనలేనిది వాళ్లు సైగతో అనేస్తారు.

ఇప్పుడు శామీర్‌పేటకు రండి. రాజీవ్ రహదారి పక్కన, అటు మేడ్చల్ హైవే మీద ఫంక్షన్ హాళ్లకు కొదవ లేదు. మాఘమాసం ముహూర్తాలకు డీసీఎంలలోంచి ఇదే పిల్లాడు ఫైబర్ బొమ్మగా దిగుతాడు. బుగ్గసొట్టల్లో తెల్లరంగు గడ్డకట్టి, విరిగిన రెక్కకు ఎంసీల్ మెత్తి ఉంటుంది. గుట్టు దాచే ఆ బాలుణ్ణి వెయ్యిమంది బంధువుల ముందు, డీజే మోతలో నిలబెట్టి ‘ఉష్’ అనిపిస్తున్నాం. నాకు కోపం రాదు, నవ్వొస్తుంది.

మన మన్మథుడు పసివాడు కాడు, ఇల్లాలున్నవాడు. చెరుకువిల్లు, తుమ్మెదల అల్లెతాడు, అయిదు పూలబాణాలు, చిలుక వాహనం, పక్కన రతీదేవి. శివుడి మూడోకంటికి కాలి ఒళ్లు పోగొట్టుకున్నాడు గనక ఆయనకు విగ్రహమే అక్కర్లేదు, సరంజామా చాలు. పెళ్లికూతురి చీర అంచున ఆ చిలుకలు ఎలాగూ బారులు తీరి ఉంటాయి. మిగిలింది విల్లు.

అదే మాట ఓ హాల్లో పూలు కడుతున్న డెకరేషన్ కుర్రాడితో అన్నాను, ఈ బొమ్మలకు బదులు స్టేజీకి అటూ ఇటూ చెరుకుగడలు వంచి కట్టొచ్చు కదా తమ్ముడూ అని.

“బాగుంటది సార్. కానీ సంక్రాంతి సెట్టింగ్ అనుకుంటరు.”