వణుకు ఒక్కటే వ్యాధి కాదు
(ఒక పాత వైద్య గ్రంథముపై విమర్శ)

లండన్ సమీపమున హాక్స్‌టన్‌లో వైద్యము చేయుచుండిన జేమ్స్ పార్కిన్‌సన్ 1817లో ‘వణుకు పక్షవాతము’ను గూర్చి 66 పుటల చిన్న గ్రంథమును ప్రకటించెను. నేడు ఆయన పేరుతోనే పిలువబడుచున్న వ్యాధిని ప్రత్యేకముగ గుర్తించి వర్ణించిన గ్రంథమిది. తెలుగులో ఈ వ్యాధిని కంపవాతమందురు. రెండు వందల యేండ్లు దాటిన ఈ పుస్తకమునుండి నేటి ఆసుపత్రి సిబ్బంది ఏమి నేర్వవలెను, ఎచ్చట జాగ్రత్తపడవలెను అనునది మన విచారణ.

ఇందలి రోగులు ఆరుగురే. ఇద్దరు వీథిలో తారసపడినవారు. ఒకనిని గ్రంథకర్త దూరమునుండి చూచెనే గాని పరీక్షింపలేదు. మరణానంతర పరీక్ష ఒక్కటియు లేదు. ఐనను విశ్రాంతిగా నున్న చేయి వణకుట, నడుము ముందునకు వంగుట, నడక తనంతట పరుగగుట ఆయన కంటబడినవి. ఓపికగా చూచుటయే ఈ గ్రంథపు బలము.

లోపము పేరులోనే ఉన్నది. కొందరు రోగులకు వణుకే యుండదు. ఇది పక్షవాతమును కాదు. పారిస్ వైద్యుడు షార్కో 19వ శతాబ్దిలోనే ఈ ఆక్షేపణలు చేసి ‘పార్కిన్‌సన్ వ్యాధి’ అను పేరును సూచించెను. మన ‘కంపవాతము’నకును ఈ దోషము కలదు. పేరును నమ్మిన నర్సు వణకని రోగిని బాగుగనే యున్నాడనుకొనును. ముఖకండరములు బిగిసి నవ్వలేనివానిని ముభావి యనును. ఉదయము నడిచి మధ్యాహ్నము మంచము దిగలేనివానిని సోమరి యనును. బుద్ధికి లోపము రాదని గ్రంథకర్త వ్రాసెను; కాని దిగులు, మతిమరపు, భ్రాంతులు రావచ్చునని నేడు మనకు తెలియును.

ఉదయమునకు, మధ్యాహ్నమునకు ఈ భేదమేల? మధ్యమెదడులో నల్లని రంగు గల ఒక భాగమునందలి కణములు నశించుటచే డోపమిన్ అను రసాయనము తగ్గును. ఈ కొరతను 1960లో వియన్నా శాస్త్రజ్ఞులు ఎహ్రింగర్, హార్నికీవిచ్ నిరూపించిరి. లెవోడోపా అను మందు మెదడులో డోపమిన్‌గా మారును. కాని రక్తములో అది సుమారు గంటన్నరలో సగమగును. వ్యాధి ముదిరినకొలది మెదడు దానిని నిలువచేసికొనలేదు. మాత్ర ఆలస్యమైనచో రోగి బిగిసిపోవును, మ్రింగలేడు, పడిపోవచ్చును. ఇక వార్డులో మందులు పంచు వేళ వేరు, ఇంట ఆతడు మాత్ర వేసికొను వేళ వేరు! అందుకే ఇంగ్లండులోని ‘నైస్’ సంస్థ 2018లో ఒక ప్రమాణమును విధించెను: రోగికి నిర్ణయింపబడిన వేళకు 30 నిమిషములలోపు లెవోడోపా అందవలెను. వాంతులకిచ్చు మెటోక్లోప్రమైడ్, కలవరమునకిచ్చు హాలోపెరిడాల్ డోపమిన్ పనిని అడ్డగించును గాన అవియు ఈ రోగులకు హానికరములే.

ఈ వేళలు, ఈ మార్పులు బాగుగ నెరిగినవారు రోగి, ఆతని ఇంటివారు. వారిని అడిగి, చీటిలో వేళ వ్రాసికొనుట ఏ ఆసుపత్రికిని భారము కాదు. ఉపాధ్యాయులు ఈ గ్రంథమును పరిశీలనకు ఉదాహరణముగ చెప్పవచ్చును. కాని, పేరు చూచి రోగమును, ఒక్కసారి చూచి రోగిని నిర్ణయింపరాదని కూడ దానితోపాటు చెప్పవలెను.