కణములకు అలసట కలదా?

దీర్ఘకాలిక వైరస్ వ్యాధులలో రక్షక కణములగు టీ కణములు క్రమముగా పనిచేయ మానును. ఈ స్థితిని తెలుగులో ‘అలసట’ యనుచున్నారు. మాట సులభమైనదే, కాని అది విషయమును ఎంతవరకు తెలుపుచున్నదో పరీక్షింపవలసియున్నది.

1993లో జింకర్‌నాగెల్ ప్రభృతులు చిట్టెలుకలకు ఎల్.సి.ఎం.వి. అను వైరస్‌ను ఎక్కించి, దానితో పోరాడు టీ కణములు అతిగా ప్రేరేపింపబడి మాయమగుటను చూచిరి. నాడా పేరునకు ‘వ్యయమైపోవుట’ యని అర్థము. హైదరాబాదున జన్మించిన రఫీ అహ్మద్, ఆయన సహచరులు 1998లో వేరు సంగతి చూపిరి: కణములు బ్రదికియే యున్నవి, పని మాత్రము చేయుట లేదు. ఆంగ్లపు పేరులో ఈ రెండర్థములు ఇమిడినవి. మన ‘అలసట’లో మొదటిది లేదు.

రెండవ అర్థమునకైనను ఆ మాట చాలదు. ఈ కణములపై పి.డి.-1 అను గ్రాహకము అధికముగా నుండును. అది కళ్లెము వంటిది. 2006లో అహ్మద్ ప్రభృతులు ప్రతిరక్షకములతో ఆ కళ్లెమును సడలింపగా కణములు తిరిగి పనికి పూనుకొనినవి, వైరస్ తగ్గినది. అలసినవానికి విశ్రాంతి కావలెను. ఇచట విశ్రాంతితో పనిలేకపోయినది. అయితే పి.డి.-1కు జోడైన పి.డి.-ఎల్1 పుట్టుకతోనే లేని చిట్టెలుకలు, ఆ వైరస్ సోకగా, తమ రక్షక కణముల ధాటికే మరణించినవి.

కావున ఇది ఓటమి మాత్రమే కాదు, శరీరము తన్ను కాపాడుకొను నిగ్రహము కూడ. కళ్లెము తీసినను కణములు పూర్వబలమును సంపూర్ణముగా పొందవు గనుక ‘అలసట’ను బొత్తిగా తోసివేయరాదు. ఉపాధ్యాయులు దాని ప్రక్కన ‘నిగ్రహము’ను చేర్చి బోధించినచో, బలవర్ధక ఔషధముతో ఇది తీరునను భ్రమ విద్యార్థులకు కలుగదు.